ప్రసంగం తర్వాతి గది

ప్రతి ఆదివారం చర్చిలో ప్రసంగం ముగియగానే ఫాదర్ వాళ్లను దీవించి బయటికి పంపేస్తాడు. జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్న పెద్దవాళ్లు ఆ పైన జరిగే పూజకు ఉండకూడదు. పాఠాలు చెప్పే టీచరమ్మ వెంట పక్క గదిలోకి వెళ్లి, కుర్చీలు గుండ్రంగా వేసుకుని, విన్న వాక్యం గురించి మాట్లాడుకోవాలి.

"ఇంటర్వెల్‌కే గెంటేస్తున్నార్రా మనల్ని" అని నవ్వేది లిఫ్టు మెకానిక్ వాళ్లక్క.

అక్కా తమ్ముడూ ఈ పాఠాలకి కలిసే చేరారు. చలికాలంలో అక్క జ్వరంతో పోయింది. అయినా ఆదివారం వచ్చేసరికి మెకానిక్ పక్కన ఆమె కుర్చీ కిర్రుమనేది. ఆమె సబ్బు వాసన వచ్చేది. "వచ్చావా చిన్నోడా" అని చెవిలో ఆ గొంతే వినపడేది, అతనొక్కడికే. మొదట్లో ఒళ్లు జలదరించింది. తర్వాత్తర్వాత ఆదివారం ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూడటం మొదలుపెట్టాడు.

పాస్కా పండగ దగ్గరపడింది, ఆ రాత్రే అందరికీ జ్ఞానస్నానం.

"ఈ గదితో మనకి పనైపోయినట్టే. జ్ఞానస్నానం అయ్యాక మిమ్మల్నెవరూ బయటికి పంపరు" అంది టీచరమ్మ.

"బతికించారు. ఈ కుర్చీలకి నా నడుం పడిపోయింది" అంది ఎదురుగా కూర్చున్న, చిన్నప్పుడే తండ్రి పోయిన బేకరీ ఆవిడ.

మెకానిక్ పక్క కుర్చీ కదిలింది. "నన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలేసి పోతావుట్రా? ఈసారికి వద్దని చెప్పు."

అతను చెప్పేశాడు. "నేనీసారి తీసుకోను టీచరమ్మా. అక్క ఒంటరిదైపోతుంది. ఇదిగో, నా పక్కనే ఉంది."

టీచరమ్మ నవ్వలేదు. "చూడు బాబూ. జ్ఞానస్నానం కోరుకుంటూ, సిద్ధపడుతూ కన్నుమూసినవాళ్లని ఆ కోరికే దేవుడి దగ్గరికి చేరుస్తుంది. మీ అక్క శవపేటికని గుడి మధ్యలో ఉంచి పూజ చేశాం, మర్చిపోయావా? ఆమె ఎప్పుడో ఇంటిమనిషైపోయింది. ఆమెనెవరు బయటికి పంపుతారు?"

"మరి ఇక్కడున్నది..."

"అదే నేనూ అడుగుతున్నా."

మెకానిక్ కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి, గుడిలోకి వెళ్లే తలుపు తెరిచాడు. అవతల పాట సాగుతోంది. ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాపాడు.

"రా అక్కా. ఆపితే నన్నాపుతారు గానీ నిన్నాపరు. లోపలికెళ్లు."

"చలేస్తోందిరా. తలుపెయ్యి."

"రా అక్కా."

సబ్బు వాసన ఒక్కసారిగా తెగిపోయింది. కుర్చీ ఉత్త కుర్చీలా ఉంది. మెకానిక్ చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"తీసుకుంటాను టీచరమ్మా" అన్నాడు, గడప మీద నిలబడే.

టీచరమ్మ తల ఊపబోయి ఆగిపోయింది. బేకరీ ఆవిడ పక్కన ఎవరూ లేని కుర్చీ కిర్రుమంది. ఆవిడ మెల్లగా అటు తిరిగింది. ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది.

"నాన్నా" అంది గుసగుసగా, "ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావు?"