నల్లా రాని దేశం

సైదాబాదుల ఆ గల్లీకి నల్లా దినం తప్పించి దినం వస్తది, పగటిపూట మూడున్నరకు. లైన్‌మన్ వైకుంఠం బండి మీద వచ్చి, మోరీ పక్కన వాల్వు తిప్పి, సత్తెమ్మ ఇంటి దిక్కు మెడ సాపి, "అమ్మా, బిందె పెట్టు" అని కేకేసి పోతడు. సత్తెమ్మ గడప మీదికెల్లి లేచి ఇత్తడి బిందె తెచ్చి నల్లా కింద పెడితే ముందు స్‌స్‌స్ అని గాలి వస్తది, తర్వాత తుప్పు నీళ్లు, ఇగ ఆ తర్వాత మంచి నీళ్లు. ఆమె బిందె పెట్టిందాక ఆ పద్నాలుగు ఇండ్లల్ల ఏ నల్లాకు చుక్క రాదు. మోటరు పెట్టి గుంజినా రాదు. గల్లీల ఎవరికీ ఇది వింత గాదు. కొత్తగ కిరాయికి దిగినోళ్లకు ఓనర్లు మూడే ముచ్చట్లు చెప్తరు: చెత్తబండి ఎప్పుడొస్తది, కరెంటు మీటరు ఏది, సత్తెమ్మ ఇల్లు ఏది.

వింత కాకపోతే మానె, ఆమె తిప్పలు ఎవరికన్న పట్టినయా? చెల్లె బిడ్డ పెండ్లిల తలంబ్రాలు పడకముందే లేచి ఆటో ఎక్కింది. గుట్ట మీద దర్శనం లైన్ల ముప్పావు దూరం పోయి, గడియారం చూసుకొని ఎనుకకు మర్లింది. జరమొచ్చి పండుకుంటే గూడ ఎదురింటి నీలమ్మ వచ్చి రెక్క పట్టి లేపుతది. "జర బిందె పెట్టి పండుకో అక్కా." జర అంట! పద్నాలుగేండ్ల సంది జర.

అంతకు ముందు నల్లా అందరికి వచ్చినట్టే వచ్చేది. పద్నాలుగేండ్ల కింద ఒక దినం మూడు గంటలకు తమ్ముడు ఫోన్ చేసిండు, అవ్వకు సీరియస్ ఉన్నది, దవఖానకు రా అక్కా అని. సత్తెమ్మ చెప్పులు గూడ తొడుక్కున్నది. నల్లా వచ్చే టైము. ఇంట్ల చుక్క లేదు, కొట్టంల నాలుగు బర్రెలు దూపకు అరుస్తున్నయి. పట్టి పోత అనుకున్నది. పట్టింది. బిందెలు నిండినయి, గోలెం నిండింది, డ్రమ్ము నిండింది. ఆమె పోయేటాళ్లకు అవ్వ పాణం పోయి అర్ధగంట అయింది. గొంతుల ఇన్ని నీళ్లు పొయ్యమని అడిగిందంట. తమ్ముడు గిలాస నోటికి పెడితే మూతి తిప్పుకొని, "సత్తి పోస్తది" అన్నదంట. పదకొండు రోజులైనంక సత్తెమ్మ ఇంటికొస్తే గల్లీ గల్లీ అంత ఎండి ఉన్నది. ఆమె బిందె పెట్టింది, నల్లా వచ్చింది. అప్పటి సంది గిదే కథ.

ఇప్పుడు బర్రెలు లేవు. మొగడు కొండల్ గల్లీ మూలకు పాలబూతు నడుపుతడు. బిడ్డ స్రవంతి బెంగుళూరుల కొలువు చేసుకుంట, "ఒక్కసారన్న ఎటన్న పోయి రారాదే అమ్మా" అని ఏడాది సంది ఫోన్‌ల గులుగుతున్నది. ఒక దినం టీవీల ఎడారి చూపెట్టిండ్రు. కండ్లు సాగినంత దూరం ఇసుక. బిందె లేదు, పైపు లేదు, వాల్వు లేదు. సత్తెమ్మ చాట పక్కకు పెట్టింది.

"ఏమయ్యా, గీడికి పోదాం."

"అందరు ఊటీ పోతరే. నువ్వు ఎడారికి పోతవా?"

"ఊటీల నల్లాలు ఉంటయి. నీళ్లే లేని కాడ నల్లా ఎట్ల వస్తది? మూడున్నరకు గా ఇసుకల కూసుంట, రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని. గంతే. నాకు కోట వద్దు, ఒంటె వద్దు."

స్రవంతి టిక్కెట్లు పంపింది. రాజస్థాన్, నాలుగు రోజులు, మంగళవారం పోతే శుక్రవారం పగటాళ్లకు ఇల్లు. నడుమ ఒక్క బుధవారం నల్లా తప్పుతది. గా ఒక్క బుధవారానికి గల్లీల అయిన లొల్లి అంత ఇంత గాదు. వాల్వు కాడ అందరు జమైండ్రు. నీలమ్మ గొంతే పెద్దగ ఉన్నది.

"మరి మేమేం తాగాలె? నువ్వు తెచ్చే ఇసుకనా?"

"ట్యాంకర్ పిలుసుకోండ్రి!" సత్తెమ్మ అరిసింది. "నేనేమన్న మీకు రాసిచ్చిన్నా? నాలుగు రోజులు. నేను సస్తే ఏం చేస్తరు, పాడె కింద బిందె పెడతరా?"

సోమవారం ఉన్న ప్రతి గిన్నె, ఆఖరికి ఇడ్లీ కుక్కర్ గూడ నింపుకొని, మూతులు ముడుచుకొని సాగనంపిండ్రు. సత్తెమ్మ పంతం కొద్ది బిందె ఇంట్లనే బోర్లించింది. నీళ్లు తాగేటందుకు ఒక్క స్టీలు చెంబు సంచిల వేసుకున్నది.

టూర్ మేనేజర్ పేరు వెంకటనారాయణ. చేతిల పచ్చజెండా, మెడల విజిల్. విమానం దిగినకాడికెల్లి ఆ విజిల్ ఊదుకుంటనే ఉన్నడు. కోటకు గంట, హవేలీలకు అర్ధగంట, రాయి అయిపోయిన పాతకాలపు చెట్లకు ఇరవై నిమిషాలు. "చెట్టు దగ్గర ఒక్క ఫొటోనే మేడమ్, మళ్లీ మళ్లీ వద్దు." కోట్ల ఏండ్ల కిందటి చెట్టుకు ఇరవై నిమిషాలు! కొండల్ దేన్ని చూడలే. ఒంటె కనబడితే సాలు, దాని యజమాని ఎంబడి పడి, పూటకు ఎన్ని లీటర్లిస్తది, వెన్న శాతం ఎంత అని అడుగుడే. సత్తెమ్మ బుధవారం మూడున్నర కోసం చూస్తున్నది.

బుధవారం బస్సు మూడింటికే ఇసుక తిన్నెల కాడికి చేరాలె. టైరు పంక్చర్. ఆ తర్వాత డ్రైవరు చాయ్. ఇగ ఎక్కిండ్రు అనుకునే వరకు వెంకటనారాయణ విజిల్ ఊది, దారిల ఒక పాత ఊరి కాడ ఆపిచ్చిండు. "ఇక్కడ పురాతనమైన మెట్లబావి ఉందండీ. పదిహేను నిమిషాలే."

"ఎండిపోయిన బావి గూడ చూడాల్నా సారూ?" సత్తెమ్మ అడిగింది. "నేను నీళ్ల మొఖం చూడొద్దనే గద ఇంత దూరం వచ్చిన."

అందరు దిగిండ్రు, ఆమె గూడ దిగక తప్పలే. బావి మాత్రం మస్తు ఉన్నది. నాలుగు దిక్కుల మెట్లే మెట్లు, నడుమ ఒక రాతి ఆవు మూతి, దాని కింద ఎండిన తొట్టి. ఎన్ని తరాల సంది ఎండిందో ఆ ఊరోళ్లకే యాదికి లేదు. మోకాళ్లు గుంజుతుంటే సత్తెమ్మ ఆ తొట్టి గోడ మీద కూలబడ్డది. గడియారం చూసుకున్నది, మూడున్నర. సంచిలకెల్లి చెంబు తీసి, అలవాటు పడ్డ చెయ్యి ఊకుంటదా, ఆ ఆవు మూతి కింద పెట్టింది.

స్‌స్‌స్ అన్నది.

"నక్కో!" సత్తెమ్మ లేచి నిలబడ్డది. "వద్దు, నక్కో అంటున్న!"

గాలి వచ్చింది, తుప్పు నీళ్లు వచ్చినయి, ఇగ తెల్లగ మంచి నీళ్లు దుంకినయి. బ్లీచింగ్ పౌడర్ వాసన. కొండల్ దోసిట్ల పట్టి తాగి, "మన నీళ్లేనే" అన్నడు. అప్పుడే ఫోన్ మోగింది. నీలమ్మ. "అక్కా, వైకుంఠం వాల్వు తిప్పిండు. గాలి గూడ రాలే."

"ఎట్లొస్తది? ఈడ నా నెత్తి మీదికొచ్చింది!" సత్తెమ్మ ఫోన్ బంద్ పెట్టి నొసలు కొట్టుకున్నది. నాలుగు రోజులు. ఒక్క పూట. ఇసుకల గూడ బతకనియ్యదాయె!

చెంబు గుంజేసి పోతే అయిపోయేది. గని అప్పటికే పైమెట్ల మీద గజ్జెలు గలగలలాడినయి. ఊరి ఆడోళ్లు కుండలు నెత్తిన పెట్టుకొని ఉరికొస్తున్నరు. ఒక ముసలామె తొట్టి కాడ నిలబడి, "ఇగ వచ్చిందా" అన్నది, బస్సు లేటైనట్టు. వాళ్ల హిందీ ఒక తీరు, సత్తెమ్మ హైదరాబాద్ హిందీ ఇంకో తీరు. నీళ్ల కాడ కొట్లాడేటందుకు రెండూ సాలినయి.

"ఏయ్, ఎర్ర చున్నీ! లైన్ల పెట్టు! ముందొచ్చినామెను పట్టనియ్యి!"

రెండు నిమిషాలల్ల కుండలు వరుసకు వచ్చినయి. ఒకటి నిండి లేస్తె ఒకటి దిగుతున్నది. వరుస ఆఖరికి ఒక పడుసుపిల్ల నిలబడ్డది. పేరు ధాపు అంట, ఆ ముసలామె కోడలే. కొట్లాడలే, తోసుకోలే, మాటిమాటికి తోవ దిక్కు చూస్తున్నది. కండ్లు ఉబ్బి ఉన్నయి.

"ఏమైంది బిడ్డా?"

"అమ్మకు బాగలేదు. ఇసుక తిన్నెల అవతల ఊరు. రమ్మని పొద్దుగాల కబురొచ్చింది."

"మరి పోలే?"

"ఇంట్ల నీళ్లు లేవు. మా కాడికి నీళ్లు మూడు మైళ్ల అవతలికెల్లి మొయ్యాలె." ధాపు కుండ సర్దుకున్నది. "ఈ నాలుగు కుండలు నింపి పోత."

సత్తెమ్మకు చెవులు గడియలు పడ్డట్టయింది.

"ఏమన్నవ్? మళ్ల అను."

"నింపి పోత అంటున్న."

"నింపొద్దు!" సత్తెమ్మ ఆ కుండ గుంజుకున్నది. ఆ అరుపుకు మెట్ల మీది పావురాలు లేచినయి. "ఇప్పుడే పో. ఇయ్యాల నింపితే రేపు ఖాళీ అయితది. నేను నింపిన, డ్రమ్ములకు డ్రమ్ములు నింపిన. అవ్వ నోట్లె చెంచెడు పొయ్యకపోతి. సారూ! ఓ విజిల్ సారూ! మీ బస్సు తిన్నెల దిక్కే పోతది గద? ఈ పిల్లను ఎక్కించుకోండ్రి."

వెంకటనారాయణ జెండా కింద పడ్డంత పనైంది. "మేడమ్, ఇది టూరిస్టు బస్సండీ. బయటివాళ్లని ఎక్కించం. పైగా సీట్లు సరిగ్గా ఇరవై రెండే."

"నా సీట్ల కూసుంటది."

"మరి మీరు?"

"నేనీడ ఉంట. నేను పోతే నీళ్లు బంద్ అయితయి. ఈమె ఇంటికి ఎవరు నింపుతరు?"

"మేడమ్, సన్‌సెట్ మిస్సవుతారు. మీరు దాని కోసమే కదా ఇంత దూరం వచ్చింది!"

"గది నాకు తెల్వదా!" అన్నది సత్తెమ్మ. వస్తున్న ఏడుపును పంటి బిగువున ఆపుకున్నది. "తెలిసే చెప్తున్న. పొండ్రి."

వెంకటనారాయణ ఇగ విజిల్ ఊదలే. సత్తెమ్మ కొండల్ చేతిల బాటిల్ గుంజి, ఉన్న నీళ్లు పారబోసి, ఆవు మూతి కింద నింపి, మూత బిగించి ధాపు చేతిల పెట్టింది. "ఇది మీ అవ్వకు. నీ చేతితోని పొయ్యి." కొండల్ దిక్కు తిరిగి, "నువ్వు ఎంబడి పో. ఇంటి ముంగట దించి రా. తోవల ఒంటెల కాడ నిలబడ్డవంటే నీ పని చెప్త" అన్నది. కొండల్ ఆ పూట ఒంటెల పేరెత్తలే. పిల్ల ముందర నడిచిండు.

బస్సు పోయింది. సత్తెమ్మ కొంగు నడుముకు చెక్కి నాలుగు కుండలు ధాపు ఇంటికి మోసింది. ముసలత్త మంచంల కూసొని, "ఆ మూలకు గాదు, ఈ మూలకు" అని చెప్తనే ఉన్నది. నాలుగున్నరకు ఆవు మూతిల నీళ్లు సన్నబడి ఆగిపోయినయి. సత్తెమ్మ తడిసిన చీరతోని మెట్ల మీద కూలబడ్డది. ఎడారికొచ్చి చీర తడుపుకున్న మనిషి ఈమె ఒక్కతే ఉంటది.

పొద్దు గుంకినంక బస్సు వాపసు వచ్చింది. అందరు సూర్యుని ఫొటోలు చూసుకుంటున్నరు. కొండల్ తన ఫోన్ చూపెట్టిండు. సగం సూర్యుడు, సగం కొండల్ బొటనవేలు.

"పిల్లను దించినవా?"

"దించిన. ఇంట్ల మాటలు వినబడుతున్నయి. నీ నంబర్ గూడ ఇచ్చి వచ్చిన."

శుక్రవారం పగటాళ్లకు ఇల్లు చేరిండ్రు. గల్లీ అంత డ్రమ్ములు బయట పెట్టుకొని కూసున్నది. ఎవరూ బాగున్నవా అని గూడ అడగలే. సత్తెమ్మ సంచి దించి, బోర్లించిన బిందె తీసి తుడిచింది. మూడున్నరకు వైకుంఠం వాల్వు తిప్పి కేకేసిండు. "అమ్మా, బిందె పెట్టు."

బిందె చంకల పెట్టుకొని గడప దాటుతుంటే ఫోన్ మోగింది. తెల్వని నంబరు.

"మాసీ, నేను ధాపుని."

"చెప్పు బిడ్డా." సత్తెమ్మ చంకల బిందెను అదుముకున్నది. "తాగిందా?"

"తాగింది. నా చేతితోని తాగింది. మందు వాసన వస్తున్నది, ఏడికెల్లి తెచ్చినవే ఈ పాడు నీళ్లు అని తిట్టింది. తిట్టి, ఇంకో గుక్క అడిగింది. ఇయ్యాల పొద్దుగాల పోయింది."

సత్తెమ్మ బిందె గడప మీద పెట్టి దాని పక్కనే కూసున్నది. "ఇంకో గుక్క అడిగిందా" అన్నది. మళ్ల, "తిట్టిందా" అన్నది. పద్నాలుగేండ్ల సంది రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఫోన్ చెవికి పెట్టుకొని, అటు దిక్కు ధాపు, ఇటు దిక్కు తను, ఇద్దరు కల్సి ఏడ్చిండ్రు.

ఎదురింటి కాడ స్‌స్‌స్ అన్నది.

"అక్కా!" నీలమ్మ ప్లాస్టిక్ బకెట్ పట్టుకొని కేకేసింది. "నల్లా వచ్చింది! నువ్వింకా బిందె పెట్టలే గద?"

పక్కింటి కాడ గూడ అన్నది, మూల ఇంటి కాడ గూడ. గల్లీ అంత డ్రమ్ములు జరుపుకునే చప్పుడు. ఎవరికీ తలెత్తి చూసే తీరిక లేదు. కొండల్ లోపలికెల్లి వచ్చి, గడప మీద ఖాళీ బిందెను, ఆమెను చూసిండు.

"ఏమే, మనకు పట్టవా?"

"నువ్వు పట్టు." సత్తెమ్మ కండ్లు తుడుచుకొని రెండు చేతులు ఒళ్లె పెట్టుకున్నది. "నేను కూసున్న."