కోరస్‌లో ఎడమవైపు

"నువ్వు ఊరికే నొక్కుతూ ఉండు, అంతే," అన్నాడు మా ఆయన, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చిన నా చేతిలో ఫోను పెట్టి.

ఆదివారం మధ్యాహ్నం. గిన్నెలింకా సింకులోనే ఉన్నాయి. కొత్త స్పీకర్లకెదురుగా సోఫాలో ఆయనా, ఆయన స్నేహితుడు పళ్ల డాక్టరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఒకే పాటను రెండు యాప్‌లలో మార్చి మార్చి వినిపించాలి, ఏది ఏదో చెప్పకూడదు. దేంట్లో బాగా వినిపిస్తే దాన్ని ఉంచుకుని రెండోదాన్ని మానేస్తారట. ఆ స్పీకర్లు వచ్చాక నా కుట్టుమిషను బాల్కనీలోకి పోయింది. వాటి మీద దుమ్ము తుడిచేది నేనే. అయినా వాటిలో ఒక్క పాట కూడా చివరిదాకా విన్నది లేదు. పల్లవి అయ్యేసరికి కుక్కరు కూస్తుంది, లేదంటే ఆయనకు టీ గుర్తొస్తుంది.

ఎక్కువ గొంతులున్న పాటయితే తేడా తెలుస్తుందని డాక్టరు ఒక పాత సినిమా పాట పేరు చెప్పాడు. నా వేలు ఆగిపోయింది. పెళ్లికి ముందు ఆ పాటకు నేను కోరస్ పాడాను. ఆ సంగతి మా ఆయనకు ఎప్పుడో చెప్పాను, ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. నేనూ గుర్తు చేయలేదు.

మొదటి యాప్‌లో పాట ఎప్పటిలాగే ఉంది. గోడ అవతల ఎవరో గుంపుగా పాడుతున్నట్టు. రెండోది నొక్కాను. గుంపు విడిపోయింది. ఒక్కో గొంతూ ఒక్కో చోట నిలబడింది. ఎడమవైపు నుంచి, ప్రతి లైనుకూ ముందు, సన్నగా ఈల వేసినట్టు ఒక ఊపిరి.

"దీంట్లో ఏదో తప్పుందోయ్. ఎడమపక్క కూత వస్తోంది," అన్నాడు డాక్టరు.

"తప్పేం కాదండీ, పొడుగక్కకి ఆ రోజు జలుబు," అనేశాను.

అనేశాక గాని నేనే మాట్లాడానని తెలియలేదు. ఆ రోజంతా వాన. స్టూడియోలో ఆరుగురు ఆడపిల్లలం. పొడుగ్గా ఉంటుందని పొడుగక్కను వెనక నిలబెట్టారు, ఆమె పక్కన నన్ను. ముక్కు దిబ్బడేసి ఆమె నోటితో గాలి పీల్చుకుంటుంటే ఈల వచ్చేది. నాకు నవ్వాగేది కాదు. నవ్వితే ఆమె నా నడుం మీద గిల్లేది. విరామంలో మెట్ల మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగాం. చరణం చివర పైకి వెళ్లే చోట అందరికంటే రవ్వంత ముందు అందుకున్నాను. దొరికిపోయాననుకున్నాను గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు, ఈ హాల్లో, ఆ తొందర వినిపించింది. ఆగలేని ఒక పిల్ల గొంతు. నాదే.

పెళ్లయ్యాక స్టూడియో నుంచి మళ్లీ కబురొస్తే మా అత్తగారు, "గుంపులో గోవింద పాటకి ఇంత హడావిడా? నువ్వు లేకపోతే ఆగుతుందేంటి?" అన్నారు. మా ఆయన ఇంకా మెత్తగా, "అంతమందిలో నీ గొంతు విడిగా ఎవరికి వినిపిస్తుంది చెప్పు?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇప్పుడు ఎక్కువ బాధేసింది.

చరణం చివర తొందరపడింది నా గొంతేనని చెప్పాను. ఆయన కళ్లు తెరిచి, మళ్లీ పెట్టమన్నాడు. చరణం చివరిదాకా ముందుకు వంగి విన్నాడు.

"నిజంగా నువ్వేనే," అని డాక్టరు వైపు తిరిగి, "చూశావా మన స్పీకర్ల గొప్ప!" అన్నాడు.

ఆ యాపే గెలిచింది. ఆ ఆనందంలో టీ పెట్టమన్నాడు. పెట్టాను. నీళ్లు మరుగుతుండగా పొడుగక్కకు ఫోను చేశాను. ఏళ్ల తరబడి పండక్కీ పబ్బానికీ కూడా పలకరించని నన్ను ఏమీ అనకుండా, జలుబు సంగతి చెప్పగానే పడీ పడీ నవ్వింది. ఆదివారాలు తన ఇంట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి పాడుకుంటారట, రమ్మంది.

"ఇప్పుడు నా గొంతు లేవదక్కా."

"లేవకపోతే కూర్చునే పాడవే."

మరుసటి ఆదివారం మూడో యాప్ పరీక్ష. డాక్టరు అప్పటికే వచ్చి సోఫాలో సర్దుకున్నాడు. మా ఆయన ఫోను నా వైపు చాపాడు. నేను చీర మార్చుకుని ఉండటం అప్పుడు చూశాడు.

"ఎక్కడికి? నొక్కేదెవరు?"

"ఎవరో ఒకరు నొక్కుకోండి. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నేను పొడుగక్క వాళ్లింటికి వెళ్తున్నాను, పాడటానికి."

ఆయన డాక్టరు వైపు చూశాడు. డాక్టరు స్పీకర్ల వైపు చూశాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"పాట అయ్యాక," అన్నాను.