ఇరవయ్యారు డిగ్రీల దాలమ్మ

దాలమ్మ అద్దాల తొట్టిలో కాపురం పెట్టి ఇది రెండో కాలం. దీపావళి వెళ్లిన వారం ఉప్పుమళ్లలోంచి వచ్చి, కాళ్లు మండిపోతున్నాయని తొట్టి నీళ్లలో పాదాలు పెట్టింది. తర్వాత మోకాళ్లు పెట్టింది. పొద్దు వాలేసరికి జానెడు మనిషై, పగడాల మధ్య పీటేసుకుని కూర్చుంది.

"ఇక్కడ సల్లగుంది మావా. నానింక రాను," అంది.

ఇరవై ఏళ్లు ఉప్పుమళ్లు తొక్కిన కాళ్లవి. మొగుడు అసిరయ్య వద్దనకుండా తొట్టి మూత సర్దాడు.

తొట్టి నాలుగడుగులది. విశాఖలో ఏదో హోటలు ఎత్తేస్తే పగడాలతో, చేపలతో సహా వచ్చింది. అమర్చిన మనిషి ఒకే ముక్క చెప్పి పోయాడు. ఉప్పునీళ్లు ఇరవయ్యారు డిగ్రీల దగ్గర ఉండాలి. ముప్పైకి చేరితే పగడం రంగు వదిలేస్తుంది. పూర్తిగా తెల్లబడ్డది మళ్లీ బతకదు. అప్పట్లో ఆ మాట పగడాలకే. ఇప్పుడు దాలమ్మక్కూడా.

పుష్యమాసంలో నీళ్లు ఇరవై రెండుకు దిగుతాయి. థర్మామీటరులోని ఎర్రగీత చలికి ముడుచుకుని అడుగున పడుకుంటుంది. అసిరయ్య హీటరు కడ్డీ పెడతాడు. దాలమ్మ దాని దగ్గర చేతులు కాచుకుంటుంది. తొట్టికి మూడు వైపులా దుప్పటి చుట్టి, నాలుగో వైపు అద్దానికి తన వీపు ఆనించి కూర్చుంటాడు. ఒంటి వేడి తగిలి గీత లేస్తుంది, ఒళ్లు విరుచుకుని ఇరవయ్యారు దగ్గర కుదురుకుంటుంది.

"నీ ఈపు కన్నా ఆ కడ్డీయే నయం మావా. అది గురక పెట్టదు," అంటుంది దాలమ్మ.

ఆమె తిడుతున్నంత కాలం అతనికి ఏ దిగులూ లేదు.

రోహిణి కార్తె రేకుపెట్టె పట్టుకుని నేరుగా ఇంట్లోకి వస్తుంది. నడివయసు మనిషి, ముక్కుపుడక నిప్పుకణికలా ఉంటుంది. ఆమె గడప దాటగానే వాకిట్లో రోలు రెండుగా పగులుతుంది.

"ఏటనుకోకు తమ్ముడూ, నాకిది అలవాటు," అని మంచం మీద చతికిలబడుతుంది.

రెండు వారాల చుట్టం. మూడో వారం వచ్చినా పెట్టె సర్దదు.

ఎర్రగీత ముప్పై దాటి, గొట్టంలోంచి తల బయటపెట్టి, ఇంటి దూలం వైపు చూస్తుంది. అసిరయ్య తొట్టి మూత తీసి, నీళ్ల మీదుగా గాలి కొట్టేలా రెండు ఫ్యాన్లు పెడతాడు. కరెంటు పోతే విసనకర్ర అందుకుంటాడు. నీళ్లు పొరపొరగా లేచి, ఆవిరై, మేతకు పోయే మందలా కిటికీలోంచి వరసగా బయటకు నడుస్తాయి. పోతూపోతూ వేడిని వీపున వేసుకుపోతాయి. గీత ఇరవయ్యారుకు దిగుతుంది.

రోజుకు నాలుగు వేళ్ల మేర నీళ్లు తగ్గుతాయి. అతను కావిడి వేసుకుని సముద్రానికి వెళ్లి, రెండు బిందెలు తెచ్చి నింపుతాడు. మడిలో నీరు తగ్గితే సముద్రపు నీరు పెట్టాలి. తాత చేసిందీ, అయ్య చేసిందీ అదే.

గీత ఇరవయ్యారు దగ్గరే ఉంది. దాలమ్మ పాదాలు మాత్రం తెల్లబడుతున్నాయి.

"గీత సరిగ్గానే ఉందే!" అంటాడు అసిరయ్య.

"గీతకేటి మావా, బాగానే ఉంది. నా సంగతి సూడు."

తెలుపు మోకాళ్లకు ఎక్కుతుంది. నడుముకు ఎక్కుతుంది. తిట్లు తగ్గుతాయి. ఒకనాడు ఏడు, మర్నాడు నాలుగు, ఆ మర్నాడు ఒకటి, అదీ సగంలో ఆగిపోతుంది. ఆ మిగతా సగం కోసం అసిరయ్య అద్దానికి చెవి ఆనించి పొద్దంతా నిలబడతాడు.

"తమ్ముడూ, నీ సేతులేటి సేత్తన్నాయో సూసుకున్నావా?" అంటుంది మంచం మీంచి రోహిణి.

చూసుకుంటాడు. ఒక చెయ్యి గాలి పని చేస్తోంది. ఒక చెయ్యి నీరు పెట్టే పని చేస్తోంది. గదిలో నేల మీద చీలమండల ఎత్తున గట్లు లేచి ఉన్నాయి. తొట్టి అంచున తెల్లటి పెచ్చు. రోజూ తెల్లవారగానే ఆ పెచ్చును చెక్కపారతో లాగి, గంపకెత్తి, ఉప్పుమళ్ల దగ్గర తాటాకు కప్పు కింది తన కుప్పలో పోసి వస్తున్నది కూడా తనే. అతనికి గుర్తు లేదు. చేతులకు గుర్తుంది.

"నీరు ఎగిరిపోద్ది. ఉప్పు ఎగరదు. మీ ఊళ్లో పాలు తాగే పిల్లకీ తెలుసు," అంటుంది రోహిణి. "పెళ్లాన్ని మడి కట్టీసినావు."

అసిరయ్య కూలబడతాడు. తొట్టి మీదికి వంగి ఏడుస్తాడు.

"ఏడవకు మావా. అదీ ఉప్పే," అంటుంది దాలమ్మ. మెడ దాకా తెలుపు.

కావలసింది మంచినీళ్లు. ఊరి బావులన్నీ ఉప్పు తేలాయి. రోహిణి జాలిపడి పెట్టె తెరుస్తుంది. నిండా ముంజలు. అసిరయ్య ఒక్కో ముంజను చిదిమి, ఒక్కో చుక్క తొట్టిలోకి జారవిడుస్తాడు. చుక్క పడిన చోట దాలమ్మ మెడ గోధుమరంగుకు వచ్చి, మళ్లీ పోతుంది. ఈలోగా విసనకర్ర ఆగింది కాబట్టి గీత లేస్తుంది.

"నాను ఇసరనా?" అని రోహిణి ఒక్కసారి విసురుతుంది. వడగాలి. దుప్పటి అంచు కాలుతుంది.

"నీ కాళ్లట్టుకుంటాను అక్కా, ఎల్లిపో."

నిజంగానే పట్టుకుంటాడు. అరచేతులు బొబ్బలెక్కుతాయి.

"నాకూ ఎల్లాలనే ఉంది. మా సెల్లి మృగశిర వస్తేగానీ నాను కదలకూడదు. అది మీ మళ్ల గట్టు మీద నిలబడే ఉంది. మీవోళ్లు రానిస్తేగదా!"

మబ్బు కనబడితే, వాన పోవాలని చీపురు తిరగేసి నిలబెట్టే ఊరది. వాన పడితే ఏడాది ఉప్పు నీళ్ల పాలు.

అసిరయ్య కావిడికి ఒక వైపు తొట్టిని కడతాడు. బరువు సరిపోవడానికి రెండో వైపు రోహిణి పెట్టెతో సహా కూర్చుంటుంది. మళ్ల దాకా మోస్తాడు.

మృగశిర గట్టు మీద ఉంది, కొంగున నీళ్లు మూటగట్టుకుని.

"రా తల్లీ."

"మీ తాత పొమ్మన్నాడు. మీ అయ్య పొమ్మన్నాడు. పోయినేడు నువ్వూ సీపురు తిరగేసినావు. పిలిసేవోడివి నీ కుప్ప మీద కప్పు తియ్యి. అప్పుడు నమ్ముతాను."

అసిరయ్య కుప్ప మీది తాటాకులు పీకి పారేస్తాడు. కింద ఇంటెత్తు దాలమ్మ కూర్చుని ఉంది, ఒడిలో చేతులు పెట్టుకుని, ఉప్పై. తొట్టిలో ఇంకా రంగున్నది నోరొక్కటే.

"కురవమను మావా," అంటుంది తొట్టిలోని నోరు.

"కప్పు మావా, కరిగిపోతాను," అంటుంది కుప్ప.

రెండింటి గొంతూ ఒకటే.

మృగశిర ఒక కాలు ఎత్తి పట్టుకుంది. "దించనా, ఎనక్కి తియ్యనా? బేగి సెప్పు, కాలు పీకేస్తంది."

అసిరయ్య తొట్టిని కుప్ప పక్కకు జరుపుతాడు. కుప్ప మీదికి పాకి, దాలమ్మ నెత్తిన బోర్లా పడుకుని, చేతులు బారచాపుతాడు. చలికాలం అద్దానికిచ్చిన వీపును ఆకాశానికిస్తాడు.

"దించు," అంటాడు.

మొదటి చినుకుకే అతని పక్కటెముకలు ఈనెలవుతాయి. వీపు తాటాకై పరుచుకుంటుంది. వాన దాని మీద టపటపా మోగుతుంది, కిందికి ఒక్క చుక్క దిగదు. వేళ్ల చూరు నుంచి జారిన మంచినీళ్లు తొట్టిలో పడతాయి. రోహిణి పెట్టె ఎత్తుకుని, చెప్పకుండా వెళ్లిపోతుంది.

కుప్ప లేచి నిలబడుతుంది. అతన్ని వానకు వేసుకునే గిడుగులా నెత్తిన సర్దుకుంటుంది. తొట్టిని బిందెలా చంకనెత్తుకుని ఇంటి దారి పడుతుంది.

"ఎంతుంది మావా?" రెండు నోళ్లూ ఒక్కసారే అడుగుతాయి.

తాటాకుకు నోరుండదు. వేళ్ల కొసల నుంచి మాత్రం చుక్క వెనక చుక్క తొట్టిలోకి రాలుతూ ఉంటుంది. ఇరవయ్యారు. ఇరవయ్యారు. ఇరవయ్యారు.