రెండు రంగుల చుక్క

పెన్షన్ ఫైళ్లయినా, కులం సర్టిఫికెట్లయినా శ్రావణి సర్దిందంటే ఇక తిరిగి చూసుకోనక్కర్లేదని జూలూరుపాడు మండలాఫీసులో పేరు. ఆ సర్దే తెలివే ఆమె కొంప ముంచింది.

శ్రావణి తర్వాత పుట్టిన ఆడపిల్లను తల్లి ద్వాలి పురిటి మంచం మీదే వదులుకుంది. మళ్లీ ఆడపిల్లేనని మొగుడు లచ్చిరాం ముఖం మాడ్చుకున్నాడు. ఎవరో హైదరాబాద్ మనిషి వచ్చాడు, పిల్లను తీసుకెళ్లాడు, అంతే. వద్దనడానికి ద్వాలికి నోరు రాలేదు. అప్పుడు రాని నోరు ఆ తర్వాత మూతపడలేదు. లచ్చిరాం పోయాక కూడా, ఏ పూట అన్నం ముందు కూర్చున్నా "నా బిడ్డ తిన్నదో లేదో" అనకుండా ముద్ద ఎత్తదు.

ఆమెను ఊరుకోబెట్టే మనిషి తండాలో ఒక్కతే, పక్కింటి సోని. లచ్చిరాం చెల్లెలు. కుండమార్పిడి పెళ్లిళ్లు వాళ్లవి. ద్వాలి లచ్చిరాం ఇంటికి కోడలిగా వచ్చిన నాడే, సోని ద్వాలి అన్న వీరన్న ఇంటికి కోడలిగా వెళ్లింది. సోని తొలికాన్పు పిల్ల ఖమ్మం దవాఖానాలో పుట్టగానే పోయింది. "నా బిడ్డ మట్టిల కలిసింది వదినా. నీ బిడ్డ యాడన్నో బతికే ఉంది. నువ్వెందుకు ఏడుస్తవ్" అనేది సోని. ఆ మాట పట్టుకునే ద్వాలి ఇన్నేళ్లూ బతికింది.

చిన్నప్పుడే పరాయి దేశాలకు పెంపకానికి పోయిన వాళ్ల సంఘం ఒకటి తండాలకు డీఎన్‌ఏ గొట్టాలు పంపింది. ఒకదాంట్లో ద్వాలి ఉమ్మింది, లచ్చిరాం తరఫున అతని తమ్ముడు తిరుపతి ఇంకోదాంట్లో ఉమ్మాడు. రక్తం కలిసిన వాళ్ల పేర్లు వెబ్‌సైట్‌లో ఒక్కొక్కటే పడసాగాయి. శ్రావణి వాటిని రంగులతో సర్దింది. తల్లితో కలిస్తే నీలం చుక్క, బాబాయితో కలిస్తే పసుపు చుక్క. అందరూ దూరపు వాళ్లే, ఒక్కతె తప్ప. నార్వేలో ఉన్న ఆ అమ్మాయికి ఫొటో లేదు, వయసు లేదు. ద్వాలికి మనవరాలో మేనకోడలో అయి ఉండాలని వెబ్‌సైట్ చెప్పింది. వీరన్న మామకు మిగిలింది మగపిల్లలే కాబట్టి మేనకోడలన్న మాటను శ్రావణి కొట్టేసింది. పైగా పేరు పక్కన రెండు చుక్కలూ ఉన్నాయి. అమ్మ రక్తం, నాన్న రక్తం రెండూ ఉంటే చెల్లెలి కూతురు కాక మరెవరు? బాబాయితో మరీ ఇంత దగ్గరగా కలవకూడదే అని ఒక్క క్షణం అనిపించింది. మనలో మేనరికాలెక్కువ, లెక్క ఉబ్బుతుందిలే అని దాన్నీ సర్దేసింది.

సర్దేసి ఊరుకుందా? "యాడీ, నీకు మనవరాలు దొరికింది" అని తల్లి చెవిన వేసింది.

ద్వాలి తన పాత పేటియా లంగాకున్న అద్దాలు ఊడదీసి కొత్త పేటియా కుట్టడం మొదలుపెట్టింది. సోని పక్కనే కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేది. చాన్నాళ్లకు కలిసినప్పుడు తమ లంబాడీ ఆడవాళ్లు మెడలు వాటేసుకుని రాగం తీసి ఏడుస్తారు కదా, ఆ పిల్లకది ఎవరు నేర్పుతారని ఇద్దరికీ ఒకటే బెంగ.

నార్వే అమ్మాయికి శ్రావణి పంపిన మెసేజ్‌కి జవాబు ఆఫీసులో ఉండగా వచ్చింది. "నాకు ముప్పై మూడేళ్లు. ఖమ్మంలో పుట్టానని మాత్రం చెప్పారు. మీరు నాకేమవుతారు?" కింద ఫొటో.

పెంపకానికి పోయిన చెల్లెలికి ఇప్పుడు ముప్పై ఆరు. మూడేళ్ల పిల్లకు పిల్ల పుడుతుందా? ఇక ఫొటోలో ఉన్నదైతే సోని అత్త ముఖమే, ఆ ఎత్తు పళ్లతో సహా. తండ్రి అమ్మకు అన్న, తల్లి నాన్నకు చెల్లెలు; కుండమార్పిడి ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా రెండు చుక్కలూ పడతాయి. తండాలో పుట్టి పెరిగిన తనకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. శ్రావణికి ఏడుపు కూడా రాలేదు, తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో కుడుతున్నారు.

"అత్తా, దవాఖానాల పిల్ల ముఖం చూసినవా?"

"యాడ చూపిచ్చిండ్రు? మీ మామనే బట్టల చుట్టుకొని తీస్కపోయిండు. బొంద పెట్టొచ్చిన అన్నడు." సోని సూది ఆపింది. "ఏందే, ఇప్పుడెందుకు గా ముచ్చట?"

శ్రావణి ఫోన్ చూపించింది. ఆ పిల్లను బొంద పెట్టలేదని, నార్వేలో ఉన్నది సోని కూతురేనని చెప్పింది. వీరన్న మామను అడుగుదామంటే ఆయనా పోయి నాలుగేళ్లయింది.

సోని ఫోన్‌ను గుండెకు హత్తుకుని రాగం తీసింది. ఒకరు రాగం తీస్తే ఎదుట ఉన్నవాళ్లు మెడ వాటేసుకుని కలిసి ఏడవాలి. ద్వాలి లేచి వెళ్లి సోని మెడ వాటేసుకుంది. చాలాసేపు ఏడ్చింది కూడా. తర్వాత పేటియాను దులిపి, మడిచి, సోని ఒళ్లో పెట్టింది.

"నీ బిడ్డకు తొడిగియ్యి. నడుం కొలత నీదే అయి ఉంటది."

సోని నోరు తెరిచింది. వదినను ఓదార్చడానికి ఇన్నేళ్లూ చెప్పిన మాటను ఈ పూట ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

ద్వాలి కూతురి వైపు తిరిగింది.

"మరి నాది? ఇంకోపాలి చూడు బిడ్డా. దండిగున్నయి కదా చుక్కలు."

శ్రావణి ఫోన్ తీసుకుంది. ఉన్న పేర్లన్నీ ఎన్నోసార్లు చూసినవే. తల్లి చూస్తోంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది.