తీసుకోని బంటు

గుమాస్తా చెయ్యి ఎరగా నిలబెట్టిన బంటు మీదుగా వెళ్ళింది. దాన్ని తాకలేదు. వెనకనున్న శకటును ఎత్తి పలక మధ్యకు తెచ్చి పెట్టింది. అది చూసి వడ్రంగి మేస్త్రీకి అరికాళ్ళు చల్లబడ్డాయి.

చదరంగం పోటీ జరుగుతున్న గదిలో ఆడేవాళ్ళకూ చూసేవాళ్ళకూ మధ్య తాడు కట్టారు. తాడుకు అవతల మేస్త్రీ మేనకోడలు, బైండింగు షాపులో పనిచేసే పిల్ల, పోస్టాఫీసు గుమాస్తాకు ఎదురుగా కూర్చుంది. ఊరి జట్టులో నాలుగే కుర్చీలు. నాలుగో కుర్చీ మూడేళ్ళుగా గుమాస్తాది. ఈ ఆట గెలిస్తేనే అది ఆమెకు వస్తుంది. డ్రా అయితే ఆయనకే ఉండిపోతుంది. నిదానంగా ఆడి ఆ మనిషిని గెలవడం ఎవరివల్లా కాలేదు కాబట్టి, ఆమె రెండో ఎత్తులోనే రాజు ముందు కాపలా వదిలేసి ఒక బంటును అప్పనంగా ఇవ్వజూపింది. గాంబిట్ అంటారు దాన్ని. ఎదుటివాడు బంటు తింటూ ఉంటే మనం దాడికి దారి చేసుకోవాలి.

ఇది నిలుస్తుందని చెప్పింది మేస్త్రీయే. చేసిన కుర్చీ మీద తాను కూర్చుని ఊగి చూడందే ఎవరికీ ఇవ్వడు. గాంబిట్ అయినా అంతే. తినేవాడి వైపు తాను కూర్చుని, దాన్ని విరగ్గొట్టడానికి పది రోజులు చూస్తాడు. విరక్కపోతేనే సరే అంటాడు.

కానీ వాళ్ళు రోజూ ఆడుకునే మేస్త్రీ వడ్రంగి షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఇచ్చిన బంటు తినకపోతే పిరికివాడి కింద లెక్క. అందరికీ టీ కాచి పొయ్యాలి, వారం రోజులు ఎగతాళి పడాలి. పక్క కొట్టు దర్జీ ఆట చప్పగా సాగుతోందని ఎప్పుడో పెట్టిన కట్టుబాటది. అప్పట్నుంచీ అక్కడ బంటు వద్దన్నవాడు లేడు. పది రోజులూ మేస్త్రీ తింటూనే ఉన్నాడు. తినకపోతే ఏమవుతుందో ఒక్కపూటైనా చూడలేదు.

ఇప్పుడు గుమాస్తా బంటు ఒకటి దిక్కులేనట్టు నిలబడి ఉంది. పిల్ల తన బంటుతో దాన్ని తియ్యొచ్చు. తీసిందా, అవతలి మంత్రి వాలుగా దూసుకొచ్చి రాజుకు చెక్ చెబుతుంది. మరుసటి ఎత్తులో ఇంకో చెక్, దాంతోపాటే మూలనున్న ఏనుగు గల్లంతు. మేస్త్రీకి అది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆమెకు కనిపించిందో లేదో! షెడ్డులో పెరిగిన చెయ్యి. బంటు దొరికితే తినడం తప్ప ఇంకోటి ఎరగదు.

"అదిగో, పోస్టాయన బంటు వదిలేశాడు. మనమ్మాయికి పండగే," అన్నాడు దర్జీ, మేస్త్రీ చెవిలో.

"నోరు మూసుకో."

"ఏం? తినెయ్యక..."

"మూసుకోమన్నానా!"

పిల్ల చెయ్యి లేచింది. ముట్టుకుంటే ఆడి తీరాలి. వేళ్ళు బంటు పైన ఆగాయి. ఇంకొక్క క్షణం ఉంటే మేస్త్రీ మొహమే చెప్పేస్తుంది, మొహంతో చెప్పినా మోసమే. లేచి వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద ఒక పగులు పైకి పోయి రెండుగా చీలింది. దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

చాలాసేపటికి దర్జీ వచ్చాడు.

"ఏం తీసింది?" వెనక్కి తిరక్కుండానే అడిగాడు మేస్త్రీ.

"ఏం తియ్యలేదయ్యా. గుర్రాన్ని దూకించింది. ఏం ఆటో ఏమో."

మేస్త్రీకి ఊపిరి వచ్చింది. అయినా లోపలికి పోలేకపోయాడు. గంట గడిచింది, రెండో గంట కూడా. తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. ఆఖరికి పిల్ల బయటికొచ్చి కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది.

"డ్రా," అంది.

కుర్చీ పోయినట్టే.

"నా తప్పే, అమ్మాయ్."

"నీదే. ఆ బంటు తినేసేదాన్నే మామయ్యా. నువ్వు లేచి పోవడం చూశాను. నీకు చూడబుద్ధి కానిది ఏదో ఉందనిపించి మళ్ళీ చూశాను."

చెప్పకూడదని కదా మేస్త్రీ లేచి వచ్చింది!

"ఆ సంగతి ఆయనకు చెప్పేశా," అందామె. "బంటు మీద చెయ్యి పెట్టబోయి మా మామయ్యను చూసి ఆగానండీ, ఆట మీదే అనుకోండి అన్నాను. ఆయన నవ్వాడు. మనిషి బయటికి పోకూడదని రూలేం లేదన్నాడు."

అంతలో గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ! లోపలికి రండి. పలక మళ్ళీ పేర్చాను. తియ్యకపోతే ఎలా ఉంటుందో మీకెవరూ చూపించినట్టు లేదు."

పిల్ల ముందు వెళ్ళింది. మేస్త్రీ తాడు కిందుగా వంగి, ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని, ఊగి చూడకుండానే కూర్చున్నాడు.