మల్లిక రంగు ఇటుకలు

పొద్దున్నే గొర్లదొడ్డి ఊడ్చి వచ్చేసరికి గుర్వమ్మకు ఇంట్లో రోకలి కనబడదు, ఉప్పుడబ్బా కనబడదు, కొడుకు పర్వతాలు వేసుకునే చెప్పులు కూడా కనబడవు. అన్నీ అరుగు మీదే ఉంటాయి, మనుమరాలు మల్లిక ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన వంతెన పైన.

"అవ్వా, ఇంకో రాయి పెట్టనా?"

"నన్నెందుకు అడుగుతవ్? వాటినే అడుగు."

మల్లిక రాయి పెట్టింది. "ఇగ సాలు!" అన్నాయి ఇటుకలు, ముసలి పొట్టేలు గొంతుతో. ఆమె చటుక్కున రాయి తీసేసింది. విరిగే ముందు అట్లా చెప్పడం వాటికి అలవాటే. అమ్రాబాద్ పక్కనున్న ఆ ఊళ్ళో అదెవరికీ వింత కాదు. పక్కింటి అండాలు చేన్లో మంచె వేసే ముందు మల్లికతో బొమ్మ మంచె కట్టించి, ఎంత మోస్తదో అడిగి మరీ పోయింది.

పర్వతాలు ఫికరు వేరే. వానలకు వాగు పొంగితే మందను దాటించడానికి ఇద్దరు కావాలి, అవతల ఒకరు, ఇవతల ఒకరు. పోయినేడు నాలుగు గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయి.

"ఆరో తరగతి అయినంక బడి బంద్ జెయ్ బిడ్డా. నాతోని రా," అన్నాడు.

మల్లిక ఆ రోజు ఇటుకల డబ్బా మూత తీయలేదు.

సంక్రాంతి దాటాక వాగు మీద వంతెనకు కొలతలు తీయడానికి ఇంజనీరు అమరేందర్ వచ్చాడు. మంచినీళ్ళడిగి, మంచం మీద పటం పరిచాడు. మల్లిక దాన్ని చూస్తూ చూస్తూ గొర్లు నీళ్ళు తాగే తొట్టిలో అచ్చం అట్లాంటి వంతెనే కట్టింది, నాలుగు పలకల స్తంభాలతో. బిందెతో నీళ్ళు గుమ్మరించింది. రెండో బిందెకే "ఇగ సాలు!"

అమరేందర్ ముఖం వాడిపోయింది. "నీళ్ళు ఇంత జోరుగా వస్తాయా?"

"శ్రావణంల వచ్చి సూడు సారూ," అంది గుర్వమ్మ.

మల్లిక అంతా విప్పింది. ఈసారి స్తంభాల ముందు భాగాన్ని పడవ ముక్కులాగా కోసుగా కట్టింది. కింది ఇటుకల అతుకు మీద పై ఇటుక నడుము వచ్చేటట్టు పేర్చింది. ఐదు బిందెలు, ఆరు, ఏడు. చప్పుడు లేదు. ఇంతలో పొట్టేలొకటి వంతెన ఎక్కి నిలబడి నెమరు వేసింది. అయినా చప్పుడు లేదు. గుర్వమ్మ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది.

అమరేందర్ పెన్సిలు తీసి పటం మార్చాడు. "పై ఆఫీసుకు కారణం ఏమని రాయాలి?"

"ఇటుకలు చెప్పినయని రాయి సారూ," అంది మల్లిక.

అట్లాగే రాశాడు. పది రోజుల్లో సంతకమై వచ్చింది.

ఎండాకాలం పోయేసరికి వంతెన లేచింది. బడి తెరిచారు గానీ, ఆరో తరగతి అయిపోయిన మల్లిక పోలేదు. శ్రావణంలో వాగు ఎర్రగా పొంగింది. ఇవతలి ఒడ్డున కర్ర పట్టుకుని మల్లిక నిలబడింది. పర్వతాలు వంతెన ఎక్కి "హోయ్" అన్నాడు. నూటిరవై గొర్లు తోకలూపుకుంటూ వెంట నడిచాయి. కింద నీళ్ళు స్తంభాల ముక్కులకు తగిలి రెండుగా చీలిపోతున్నాయి. ఒక్క పిల్లకైనా కాలు తడవలేదు.

అవతలి ఒడ్డు చేరి పర్వతాలు వెనక్కి చూశాడు. మల్లికకు అదిలించడానికి ఒక్క గొర్రె కూడా మిగల్లేదు.

"ఓ మల్లికా! నీ బడిసంచి యాడున్నది?"

"అటక మీద బాపూ!"

"మరి గాడ నిలబడ్డవేందే? గంట కొడతరు, ఉరుకు!"

కర్ర అక్కడే పారేసి మల్లిక ఉరికింది.