కనకవ్వ కొత్త చెవి

కనకవ్వకు డాక్టరు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. చెవి ఏళ్ల తరబడి కారి కారి లోపలి చిన్న ఎముకను తినేసిందన్నాడు. దాని చోట బియ్యపు గింజంత కూడా లేని ముక్క పెట్టి వినికిడి తెప్పిస్తానన్నాడు. పెట్టింది ఎవరు చూసొచ్చారు? మత్తిచ్చి పడుకోబెట్టాక ఏం పెట్టాడో, అసలు పెట్టాడో లేదో. మొగుడు లక్ష్మీరాజం కరీంనగర్ తీసుకుపోయేదాకా ప్రాణం తీశాడు గానీ, లేకపోతే ఆమె ఆ బల్ల ఎక్కేదే కాదు.

తీరా చెవిలో కుక్కిన దూది తీయించుకుని సిరిసిల్లకు వచ్చిన మర్నాడు, పొయ్యి మీద పాలు పొంగి చుయ్‌మన్నాయి. కనకవ్వ ఉలిక్కిపడింది. వినబడింది! ఎగిరి గంతేయాలనిపించింది. కానీ నోరు విప్పలేదు.

ఎందుకంటారా? మగని మీదా, కోడలు కావ్య మీదా ఆమెకు అనుమానం. సాంచాలు, అదే మరమగ్గాలు, నడిచే ఇంట్లో ఎవరూ గొంతు చించుకోరు. ఆ దడదడలో ఎంత అరిచినా దండగే. పెదవులు కదిపితే చాలు, అవతలివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. ఆ ఇంట్లో సాంచాలు ఆగినా అదే అలవాటు. పెదవులు చదవడంలో కనకవ్వకు తిరుగులేదు. కాబట్టి ఆమెకు తెలియకూడని మాటేదైనా ఉంటే వీపు తిప్పి చెప్పుకోవాలి. సరిగ్గా అదే చేస్తున్నారు వాళ్లిద్దరూ, ఆపరేషన్ ముందునుంచీ. ఫోను వెలిగితే లక్ష్మీరాజం ఎత్తడు, కోడలి చేతికిస్తాడు. ఆమె బయటికి పోయి మాట్లాడొచ్చి, మామను గోడవైపు తిప్పి, అతని చాటున నిలబడి చెబుతుంది. సాంచాలమ్మేసి కొడుకు శ్రీహరి ఉన్న భీవండికి ఎగిరిపోతారు, తనను చెల్లెలింట్లో పడేస్తారు. ఇంకేముంటుంది?

చెవిటిదానిలాగే ఉండి గుట్టు లాగాలనుకుంది. "వినవడ్తుందా అత్తమ్మా?" అని కావ్య అడిగితే, "ఏం వినవడ్తది, నా కర్మ" అంది. ఆమె పెదవులు చూసి లక్ష్మీరాజం ముఖం వాడిపోయింది. ఎంత బాగా నటిస్తుండు అనుకుంది కనకవ్వ.

నాలుగైదు రోజులు సాంచాల మోతలో ఏమీ చిక్కలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడ మొత్తం ఒక్కసారిగా సద్దుమణిగింది. కనకవ్వ నూలు కండెల గంప ముందేసుకుని కూర్చుంది, చెవి మాత్రం వాళ్ల మీదే. మామ వీపు ఇటుంది. కోడలు అతనికి ఎదురుగా, పెదవులు అతని భుజం చాటున పడేలా నిలబడి ఏదో చెబుతోంది. పక్కింటి కుక్కర్ కూత వినిపిస్తోంది. సందులో ఉల్లిగడ్డలమ్మేవాడి కేక వినిపిస్తోంది. కావ్య చేతులు ఆడుతున్నాయి, ఒక పక్క దవడ కదులుతోంది. మాట మాత్రం ఒక్కటీ రాదు. గుసగుస కూడా లేదు.

కనకవ్వకు ఒళ్లు మండింది. ఇంత నిశ్శబ్దంలో కూడా గొంతు దాచుకుంటున్నారంటే, తనకు వినబడుతోందని పసిగట్టారన్నమాట. ఎంత జాణలు వీళ్లు! ఇక దాగుడుమూతలెందుకని లేచి మొగుడి వెనకకు పోయింది.

"శ్రీహరి బాపూ, నన్ను యాడ పారేద్దామని చూస్తున్నరు?"

లక్ష్మీరాజం తిరగలేదు.

"నిన్నే అడుగుతున్న."

ఊహూఁ. కావ్య మాత్రం బిక్కచచ్చిపోయింది.

"అత్తమ్మా, మామకు వినవడదు" అంది. "ఎప్పటిసందో. కరీంనగర్ల నీతోని పాటు మామ చెవులు గూడ చూసిండ్రు. నీది లోపటి ఎముక ఖరాబైంది, బాగైతదన్నరు. మామది సాంచాల మోతకు నరం చచ్చిపోయింది, ఆపరేషన్‌తోని రాదన్నరు. నీకు తెలిస్తే నువ్వు గూడ చేయించుకోనంటవని మామ చెప్పనియ్యలే."

ఇన్నాళ్లూ ఎంతెంత పాడు ఆలోచనలు చేసిందో తలుచుకుంటే కనకవ్వకు తన మీద తనకే రోత పుట్టింది. చుట్టూ తిరిగి మొగుడి ముందుకొచ్చింది. గొంతు లేకుండా పెదవులు కదిపింది. "నాకు వినవడ్తుంది."

లక్ష్మీరాజం నమ్మలేనట్టు చూశాడు. "ఎప్పటిసంది?" అన్నాడు, పెదవులతోనే.

"వచ్చిన తెల్లారినుంచి. గట్ల గాదు, గొంతుతోని అను. నీ మాట వింట."

గొంతు ఎంత పెద్దగా పెట్టాలో ఆయనకిప్పుడు తెలియదు. "కనకవ్వా" అన్నాడు. అది ఇల్లు అదిరేటట్టు వచ్చింది. పక్కింటి కొమురవ్వ ఏం కొంప మునిగిందోనని గడపలోకి పరుగెత్తుకొచ్చింది. కనకవ్వ చెవి జివ్వుమంది. కళ్లు తుడుచుకుని, "ఇంకోపారి" అంది.